పాదరసం ఎక్కని మధ్యాహ్నం

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను చదివింది ఐదో తరగతి. అదీ మధ్యలోనే ఆగింది. ఎప్పుడన్నా చుట్టాలకు ఉత్తరం ముక్క రాయడం తప్ప ఇంత పొడుగ్గా ఏదీ రాసి ఎరగను. మా మనవరాలు చదివి ఒత్తులు, దీర్ఘాలు దిద్దింది. అయినా తప్పులు మిగిలే ఉంటాయి. ముందు చెప్పాల్సింది వెనక చెప్పినా ఏమీ అనుకోకండి.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. సగం బతుకు దవాఖానాలో ఆయాగా పనిచేశాను. చనిపోయినవాళ్లకు ఈ చేతులతోనే ఒళ్లు తుడిచి, బట్ట కప్పి, చేతులు కడుక్కుని వచ్చి అన్నం తిన్నదాన్ని. శవం ఉన్న గది బయట చాప వేసుకుని నిద్రపోయాను. ఏదీ వచ్చి నా కాలు పట్టి లాగలేదు. అదిగో కనిపించింది, ఇదిగో వినిపించింది అని ఎవరన్నా చెప్తే నవ్వి ఊరుకునేదాన్ని.

నేను ఇప్పుడు రాసేది చీకట్లో జరిగింది కాదు. మిట్టమధ్యాహ్నం జరిగింది. అందుకే ఇన్నేళ్లయినా నా మనసులో నుంచి పోలేదు.

అవి ఎనభైల నాటి రోజులు. పినపాక దాటి లోపలికి పోతే అడవి అంచున ఒక చిన్న మిషన్ దవాఖానా ఉండేది. దాని పేరు రాయడం లేదు. ఒక డాక్టరమ్మ, స్టాఫ్ నర్సు ఎస్తేరమ్మ, ఆయాగా నేను, గేటు దగ్గర ఒక వాచ్‌మన్. అంతే మేము. అడవి లోపలి ఊళ్ల నుంచి మలేరియా జ్వరాలు, పాము కాట్లు, కాన్పులు ఎక్కువగా వచ్చేవి.

ప్రతి ఎండాకాలం సెలవుల్లో ఖమ్మం, కొత్తగూడెం కాలేజీల నుంచి బైపీసీ చదివే పిల్లలు ఒకరిద్దరు మా దగ్గరికి వచ్చి ఉండేవాళ్లు. డాక్టరు చదువు మీద ఆశ ఉన్న పిల్లలు. సీటు వచ్చాక ఈ పని నాకు పడదు అనుకోవడం కంటే, ముందే ఒక వేసవి ఇక్కడ ఉండి చూసుకోండి అనేవారు డాక్టరమ్మ.

వచ్చేటప్పుడు ఆపరేషన్లు చూస్తాం అన్నట్టు వచ్చేవాళ్లు. ఇక్కడ వాళ్లకు దొరికేది దూది ఉండలు చుట్టడం, గాజు సిరంజులు నీళ్లలో మరిగించడం, మాత్రలకు పొట్లాలు కట్టడం. రబ్బరు గ్లౌజులు అప్పట్లో పారేసేవాళ్లం కాదు. కడిగి, తీగ మీద ఆరేసి, లోపలా బయటా పౌడరు చల్లి మళ్లీ వాడేవాళ్లం. తీగ మీద ఆ గ్లౌజులు గాలికి ఊగుతుంటే చేతులు ఊపి పిలుస్తున్నట్టు ఉండేవి. కొత్త పిల్లలు అది చూసి నవ్వేవాళ్లు. వారం తిరిగేసరికి ఎండకో, వాసనకో తట్టుకోలేక చాలామంది ఇంటికి బస్సెక్కేవాళ్లు.

ఆ ఏడు శారద వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి వచ్చింది. వాళ్లది ముదిగొండ దగ్గర పల్లె. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడిన రైతులు. సన్నగా, పొడుగు జడతో ఉండేది. మాట మెత్తన.

దించి పోవడానికి వచ్చిన రోజు వాళ్ల నాన్న డాక్టరమ్మతో మా అందరి ముందే అన్నాడు.

"కోడిని కోస్తే ఇంట్లోంచి బయటికి పారిపోద్దండీ మా అమ్మాయి. డాక్టరీ చదువుద్దంట! ఈ సెలవులయ్యేదాకా మీ దగ్గర నిలబడగలిగితే చదివిస్తా. నిలబడలేదని మీరు ఒక్క మాట చెప్పండి, వచ్చే ఏడు సీఈసీలో వేసేస్తా."

శారద తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడింది. కానీ ఆయన బస్సెక్కి పోయాక నాతో అంది: "అక్కా, నేను ఇక్కడి నుంచి మధ్యలో పోతే నా చదువు అయిపోయినట్టే. నన్ను పోనివ్వకండి."

మొదటి వారంలోనే ఒకతను గొడ్డలి దెబ్బతో వస్తే కట్టు విప్పుతుండగా కళ్లు తిరిగి పడింది. నేనే నీళ్లు చల్లి లేపాను. లేచి, ముఖం తుడుచుకుని, మళ్లీ వచ్చి ట్రే పట్టుకుంది. పడటం ఒక్కటే చూసినవాళ్లు నవ్వారు. లేచి రావడం డాక్టరమ్మ చూశారు.

ఇప్పుడు మా కాన్పు వార్డు సంగతి చెప్పాలి. చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు.

వార్డులో ఇనుప మంచాలు ఉండేవి. ఎత్తైనవి. ఎండాకాలంలో ఆ ఇనుము కాలిపోయేది. సిమెంటు నేల చల్లగా ఉండేది. పైగా పసిబిడ్డ పైనుంచి దొర్లి పడుతుందని భయం. అందుకని బాలింతలు మంచం కింద చాప పరుచుకుని బిడ్డను పక్కలో వేసుకుని పడుకునేవాళ్లు. మంచం మీద వాళ్ల మూటలు, గిన్నెలు, లేకపోతే తోడు వచ్చిన మనిషి. కోయ పల్లెల నుంచి వచ్చినవాళ్లే కాదు, ఎవరైనా అంతే. డాక్టరమ్మ మొదట్లో చెప్పి చూసి, తర్వాత ఊరుకున్నారు. మా వార్డులో పేషెంటును చూడాలంటే వంగి చూడాలి.

ఇది తెలియక శారద మొదటి రోజే మంచం మీద పడుకుని గురక పెడుతున్న ఒక మొగుడి చంకలో థర్మామీటరు పెట్టి, చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది. ఆయన లేచి బిత్తరపోయి చూస్తున్నాడు. ఎస్తేరమ్మ అది చూసి వార్డు అంతా వినబడేటట్టు అరిచింది.

"ఓ డాక్టరమ్మా! బిడ్డను కన్నది ఆయన గాదు, కింద చూడు! మొగోనికి బాలింత జరం జూస్తున్నవా ఏంది?"

బాలింతలు మంచాల కింద నుంచి ఒకటే నవ్వు. అప్పటి నుంచి శారద ఒక అలవాటు చేసుకుంది. ముందు పైన ఉన్న మనిషిని "జబ్బు నీకా, కింద వాళ్లకా?" అని అడిగేది. తోడు వచ్చినవాళ్లకు ఇది సరదా అయిపోయింది. "నాక్కూడ పెట్టు బిడ్డా" అని చంక చాపేవాళ్లు. కాదనకుండా పెట్టేది.

ఇంకో సంగతి. మా వైపు మే నెల ఎండ మీకు తెలిసే ఉంటుంది. థర్మామీటరును ఊరికే బల్ల మీద పెడితే, ఒంటి వేడి అవసరం లేదు, గాలి వేడికే పాదరసం చివరిదాకా ఎక్కి కూర్చుంటుంది. అందుకని కుండ నీళ్లు పోసిన గ్లాసులో ముంచి ఉంచేవాళ్లం. తీసి, విదిలించి, వెంటనే చంకలో పెట్టాలి. తీసిన వెంటనే చదవాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే అది పేషెంటు జ్వరం కాదు, ఎండ జ్వరం.

నేను చెప్పబోయే ఆ రోజు తెల్లవారుజామున ముత్తమ్మ అనే అమ్మాయికి కాన్పు అయింది. అడవి లోపల కోయ పల్లె. రెండో కాన్పు. ఏ ఇబ్బందీ లేకుండా ఆడపిల్ల పుట్టింది. తోడు వచ్చింది మొగుడు జోగయ్య ఒక్కడే. వార్డు చివర కిటికీ పక్క మంచం కింద ఆమెను పడుకోబెట్టాం. తలుపు దగ్గర మంచం కింద ఇంకో బాలింత ఉంది. మిగతా మంచాలు ఖాళీ.

మధ్యాహ్నం కరెంటు పోయింది. వడగాలి ఈలలు వేస్తోంది. డాక్టరమ్మ తన ఇంటికి వెళ్లారు. దవాఖానా ఆవరణలోనే అవతలి వైపు ఉండేది ఆమె ఇల్లు. ఎస్తేరమ్మ భోజనానికి పోయింది. జోగయ్య బయట, తోడు వచ్చినవాళ్ల వంటలకు వేసిన రేకుల కింద జావ కాస్తున్నాడు. నేను బకెట్టుతో నీళ్లు తెచ్చి వరండాలో నుంచి కిటికీలకు కట్టిన గోనె పట్టాలు తడుపుతున్నాను. ప్రతి మధ్యాహ్నం నా పని అదే.

శారద థర్మామీటర్ల గ్లాసు పట్టుకుని రౌండుకు వచ్చింది. నేను తలుపు దగ్గర ఉన్నాను. తలుపు దగ్గరి బాలింతను చూసి చివరి మంచం దగ్గరికి పోయింది.

నేను చూసింది చూసినట్టే రాస్తాను. చివరి మంచం మీద ఒక ముసలామె కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. తెల్లని జుట్టు పక్కకు ముడి వేసి ఉంది. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర. నాకు ముఖం సరిగా కనబడలేదు, కిటికీ వైపు తిరిగి ఉంది. మోచేయి ఒంటికి అదిమి పెట్టుకుంది. అంటే శారద అప్పటికే ఆమెకు థర్మామీటరు పెట్టింది. శారద నవ్వుతూ ఏదో అంటోంది. ముత్తమ్మకు ఇంటి నుంచి ఎవరో వచ్చారు కాబోలు అనుకున్నాను. తోడు వచ్చిన ముసలమ్మలకు ఇది మామూలే కాబట్టి నేనూ నవ్వుకుని, బకెట్టు తీసుకుని పక్క కిటికీకి జరిగాను.

చెంబుతో నీళ్లు కొడుతుండగా శారద నన్ను పిలుస్తున్న కేక వినిపించింది. "రూతక్కా! డాక్టరమ్మను పిలవండి! రక్తం!"

బకెట్టు వదిలేసి లోపలికి పరిగెత్తాను. శారద మంచం కింద ఉంది. మోకాళ్ల మీద దూరి, ముత్తమ్మ పొట్ట మీద రెండు చేతులూ పెట్టి రుద్దుతోంది. ముత్తమ్మ ముఖం బూడిద రంగులోకి తిరిగిపోయింది. బిడ్డ పక్కనే నిద్రపోతోంది. కింద చాప మొత్తం తడిసి, రక్తం గోడవారకు పారుతోంది. మంచం మీది దుప్పటి అంచు కిందికి వేలాడుతుండడం వల్ల నిలబడి చూస్తే ఏమీ కనబడదు.

నేను బిడ్డను లాగి తలుపు దగ్గరి బాలింత ఒళ్లో పెట్టి డాక్టరమ్మ ఇంటికి ఉరికాను. ఆమె చెప్పులు కూడా లేకుండా ఆ ఎండలో వచ్చేశారు. తర్వాత ఇంజెక్షన్లు, సెలైను. అన్నం మధ్యలో లేచి వచ్చిన ఎస్తేరమ్మ. బయట జోగయ్య చేతిలో గరిట అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి రక్తం ఆగింది. ఇంకాసేపు ఎవరూ చూడకపోతే ముత్తమ్మ దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పారు. శారద చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కళ్లు తిరగలేదు.

ఎస్తేరమ్మ అడిగింది: "పొట్ట రుద్దాలని నీకెవరు జెప్పిన్రు?"

"నువ్వే కదక్కా. కాన్పు అయినాక పొట్ట బంతిలాగా గట్టిగా తగలాలి, మెత్తగా ఉంటే రుద్దుతూ అరవాలి అన్నావు. అదే చేశా."

"అరుసుడు మాత్రం బాగ అరిసినవ్. పొయ్యి కాడికి ఇనబడ్డది."

అప్పుడు డాక్టరమ్మ అడిగారు. అందరూ నిద్రపోయే వేళ, అడుగుదామంటే ముత్తమ్మ నోరు విప్పలేని స్థితిలో ఉంది, నీకు ఎట్లా తెలిసింది అని.

"అవ్వ చూపించిందండీ" అంది శారద.

"ఏ అవ్వ?"

అప్పుడు నేనూ చుట్టూ చూశాను. ముసలామె లేదు. నేను లోపలికి వచ్చేసరికే మంచం ఖాళీగా ఉందన్న సంగతి అప్పుడు నా బుర్రకు ఎక్కింది. వార్డుకు ఒకటే తలుపు. కిటికీలకు ఇనుప చువ్వలు. పక్క కిటికీ దగ్గర నిలబడితే ఆ తలుపు నా కళ్ల ముందే ఉంటుంది. నన్ను దాటి ఎవరూ పోలేదు.

శారద చెప్పింది ఇది. జబ్బు నీకా, కింద వాళ్లకా అని అడిగితే ముసలామె ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం ఎత్తింది. సరదా పడుతోంది అనుకుని థర్మామీటరు పెట్టింది. ముత్తమ్మ పొద్దున బాగానే ఉంది కాబట్టి, ఆమెను తర్వాత చూడొచ్చులే అని పక్కకు తిరగబోయింది. అప్పుడు ముసలామె శారద మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. గట్టిగా కాదట. పిల్లలను కూర్చోమని లాగినట్టు. వంగింది, చూసింది.

వాచ్‌మన్‌ను అడిగాం. భోజనం తర్వాత గేటు తెరవలేదన్నాడు. వంటల రేకుల కింద ఉన్నవాళ్లను అడిగాం, ఎవరూ చూడలేదన్నారు. తలుపు దగ్గరి బాలింత కళ్లు మూసుకుని ఉంది, శారద నవ్వడం మాత్రం వినబడిందట. తేరుకున్నాక ముత్తమ్మనూ అడిగాం. ఆమెకు ఏమీ గుర్తులేదు.

ఆమె ఎట్లా ఉందో చెప్పి జోగయ్యను అడిగాం. "మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పొట్టిది, నల్ల జుట్టుతోనే పోయింది. ఆమె గాదు. మా అత్త ఇంటికాడ పెద్ద పిల్లను పట్టుకొని ఉన్నది" అన్నాడు. తర్వాత బాధగా అన్నాడు: "ఎవరో పెద్దమనిషి వచ్చి పాయె. ఇంత జావ పోయకపోతిమి."

ఆ సాయంత్రం ఆకు దొప్పలో కొంచెం జావ పోసి ఆ మంచం మీద పెట్టి, కాసేపాగి తీసుకెళ్లి బయట కాకులకు వేశాడు. అతనికి భయమూ లేదు, ఆశ్చర్యమూ లేదు. ఇంటికి వచ్చిన మనిషిని ఊరికే పంపామే అన్న చింత తప్ప.

రెండు మూడు రోజులకు ముత్తమ్మ తల్లి వచ్చింది. లావుగా, గలగలా మాట్లాడే మనిషి. శారద ఆమెను ఎగాదిగా చూసి నా వైపు తల అడ్డంగా ఊపింది. నాకూ అదే అనిపించింది. కాదు.

ఇంతవరకే అయితే నేను ఇది రాసేదాన్ని కాదు. ఎవరో దారిన పోయే ముసలామె నీడకు వచ్చి కూర్చుంది, గొడవకు భయపడి నా వెనక నుంచి ఎట్లాగో జారుకుంది అనుకునేదాన్ని. కంగారులో మనిషి ఏది చూసిందో, ఏది చూడలేదో ఎవరు చెప్పగలరు.

కానీ థర్మామీటరు ఉంది.

ముత్తమ్మ రక్తం ఆగాక, మేము సర్దుతుంటే, అది ఆ మంచం దుప్పటి మీద పడి ఉంది. ముసలామె చంకలో పెట్టిందే. డాక్టరమ్మే చేతిలోకి తీసుకున్నారు. వెలుతురుకు తిప్పి చూసి ఆగిపోయారు. మళ్లీ చూశారు. నాకూ చూపించారు, నాకు అంకెలు చదవడం వచ్చు. పాదరసం అసలు మొదటి గీత దాకా కూడా రాలేదు. కింద బుడ్డిలోనే ఉంది.

అంతసేపు, ఆ వడగాలిలో, చెయ్యి పెడితే కాలే మంచం మీద ఉన్న థర్మామీటరు.

పాడైపోయిందేమో అన్నాను. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పెట్టారు. మేము నలుగురం చుట్టూ నిలబడి చూశాం. పాదరసం మెల్లగా కదిలింది. మా కళ్ల ముందే ఒక్కో గీతా దాటుకుంటూ చివరిదాకా పోయింది. థర్మామీటరు బాగానే ఉంది.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని "ఇది నాకు తెలియదు" అన్నారు. ఆమె నోటి నుంచి ఆ మాట నేను విన్నది చాలా తక్కువ.

వేరే పిల్ల అయితే మర్నాడే పెట్టె సర్దుకునేది. శారద భయపడలేదు. మధ్యాహ్నం అయితే చాలు, ఒక థర్మామీటరు తీసుకుని ఆ మంచం మీద పెట్టి కూర్చునేది. ఎక్కిపోయేది. దుప్పటి తడిపి పెట్టింది. కొంచెం ఆలస్యంగా, అయినా ఎక్కింది. గోనె పట్టా మడతలో పెట్టింది. ఎక్కింది. అవ్వ పట్టుకున్నట్టు నన్ను చంకలో పెట్టుకోమంది, దుప్పటి మీదికి జార్చమంది. ఏం చేసినా ఎక్కింది.

"అక్కా, ఆమె చెయ్యి నీకు తగిలి ఉంటే బాగుండేది" అనేది. "నా మణికట్టు పట్టుకున్నప్పుడు చల్లగా ఉందా, వెచ్చగా ఉందా అని ఎంత గుర్తు తెచ్చుకున్నా రావడం లేదు. చెయ్యిలాగే ఉంది. మామూలు చెయ్యి."

ఎస్తేరమ్మ ఊరుకుంటుందా. "దయ్యానికి జరం జూసిన డాక్టరు వచ్చింది, జరుగుండ్రి" అని దారి ఇచ్చేది. ఆ మాట నవ్వులాటగానే అనేది. కానీ మందులకు వచ్చినవాళ్లు విన్నారు, బస్సుల్లో చెప్పుకున్నారు. అది ముదిగొండ దాకా పోయింది. వాళ్ల నాన్న వస్తున్నాడని కబురు వచ్చింది.

శారద ముఖం మాడిపోయింది. చదువు పోయినట్టే అనుకుంది. ముందు రోజు సాయంత్రం డాక్టరమ్మ ఆమెను పిలిచారు. నేను అక్కడే గ్లౌజులకు పౌడరు చల్లుతున్నాను.

"మీ నాన్నగారికి నువ్వే వంగి చూశావని చెప్పు. వంగి చూసింది నువ్వే కదా. అది అబద్ధం కాదు."

"అవ్వ సంగతి అడిగితేనండీ?"

"అడిగితే నీ ఇష్టం. నేను ఆయనకు ఏం చెప్పాలో మాత్రం నాకు తెలుసు."

మర్నాడు ఎండ నెత్తికెక్కే వేళకు ఆయన దిగాడు. తెల్ల పంచె, తల మీద తడి తువ్వాలు. మంచినీళ్లు తాగి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మాయి పనికొస్తది అని మీరు చెప్పినా నేను వినలేనండీ ఇప్పుడు. ఊళ్లో ఏమంటున్నారో తెలుసా? మీ పిల్లకు గాలి సోకింది, లేనివాళ్లతో మాట్లాడుతోంది అంటున్నారు. పదమ్మా, బట్టలు సర్దుకో."

"ముత్తమ్మ ఆ రోజు చనిపోయేది. ఈ అమ్మాయి చూసింది కాబట్టి బతికింది. నేను చెప్పగలిగింది అది" అన్నారు డాక్టరమ్మ.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నిజం చెప్పు. నువ్వే చూశావా? ఇంకెవరో ఉన్నారా?"

ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. నేను చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

"ఉంది నాన్నా. ముసలామె. ఆమె చెయ్యి పట్టుకుని లాగకపోతే నేను చూసేదాన్ని కాదు. పక్కకు పోయేదాన్ని. లేదని చెప్పి నేను గొప్ప తెచ్చుకోలేను."

"భయం వేయలేదా నీకు?"

"అప్పుడు తీరిక లేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు భయం కాదు. అది ఎట్లా జరిగిందో తెలుసుకోవాలని ఉంది."

ఆయన నా వైపు చూశాడు. "ఏమ్మా, నువ్వూ చూశావంటగా?"

"అవ్ అయ్యా. నేనూ జూసిన. మంచం మీద కూసున్నది. పోంగ మాత్రం జూడలే."

ఆయన తల మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. తర్వాత, ఆ మంచం ఏదో చూపించండి అన్నాడు.

ఒంట్లో రక్తం పట్టేదాకా పంపొద్దన్నారు డాక్టరమ్మ, అందుకని ముత్తమ్మ ఇంకా అక్కడే ఉంది, కింద చాప మీద. ఆయన వెళ్లి తువ్వాలు పరుచుకుని మంచం మీద కూర్చున్నాడు. ఇనుము కాలినట్టుంది, ఒకసారి లేచి మళ్లీ కూర్చున్నాడు. చొక్కా గుండీ విప్పి, ఎగతాళో, కోపమో తెలియకుండా, "ఏదీ, నాకు చూడు జ్వరం" అన్నాడు.

శారద గ్లాసులోంచి థర్మామీటరు తీసింది, విదిలించింది, ఆయన చంకలో పెట్టి మోచేయి దగ్గరికి నొక్కింది. రెండో చేత్తో నాడి పట్టుకుని గోడ గడియారం చూస్తూ నిలబడింది. ఆయన గడియారం చూడలేదు. తన మణికట్టు మీద ఉన్న కూతురి వేళ్లను చూస్తున్నాడు. ఆ వేళ్లు కదలడం లేదు.

తీసి వెంటనే చదివింది. "నీకేం లేదు నాన్నా. మామూలే."

థర్మామీటరు కడిగి గ్లాసులో పెట్టి, ఇక ఆయన అక్కడ ఉన్న సంగతే మర్చిపోయి, మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందికి దూరింది. ముత్తమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. చాప ఎత్తి చూసింది. బిడ్డ బొడ్డు చూసింది. ఈ కొద్ది రోజుల్లో నేర్చుకున్న కోయ మాటలు ఏవో అంటే ముత్తమ్మ పకపకా నవ్వింది, సరిదిద్ది మళ్లీ చెప్పించింది. పైనుంచి ఆయనకు కూతురి వీపు, నేలకు తగులుతున్న జడ తప్ప ఏమీ కనబడి ఉండదు. ఆయన కాళ్లు కొంచెం పక్కకు జరుపుకున్నాడు, ఆమెకు అడ్డం లేకుండా.

శారద బయటికి వచ్చేదాకా ఆయన అట్లాగే కూర్చున్నాడు.

"కాలేజీ తెరిచేదాకా ఉంటావా ఇక్కడే?" అన్నాడు.

"ఉంటా."

"మజ్జిగ బాగా తాగు. ముఖం చూడు ఎట్లా పీక్కుపోయిందో." అంతే అన్నాడు. పొద్దు వాలేలోపే మణుగూరు బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. కూతురు బట్టల పెట్టె గదిలోనే ఉంది.

శారద రెండోసారి పరీక్ష రాసినప్పుడు సీటు వచ్చింది. ఇప్పుడు పెద్ద డాక్టరు. ఏ ఊరో రాయను. ఎప్పుడన్నా కలిస్తే పిల్లలు, మోకాళ్ల నొప్పులు అన్నీ మాట్లాడుకుంటాం. చివర్లో గొంతు తగ్గించి, "ఏమన్నా తట్టిందా అక్కా?" అని అడుగుతుంది. "నీకు?" అంటాను. ఇద్దరికీ ఏమీ తట్టలేదు. అంత చదివిన మనిషికే తెలియనిది నాకేం తెలుస్తుంది.

దయ్యం అనడానికి నాకు నోరు రాదు. దయ్యం అయితే భయపెట్టాలి కదా. మనిషి అనడానికి ఆ పాదరసం అడ్డం వస్తుంది. నన్ను దాటి ఎవరూ పోలేదన్నది నాకు ఇవాళ్టికీ గట్టిగా గుర్తు. ఆమె ఎవరో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ బాలింత మీద ఆమెకు ఏం ప్రేమో నేను చెప్పలేను.

ఓపికగా ఇంతదాకా చదివినందుకు దండాలు. రాయడం రాని చెయ్యి ఇది. మాట తప్పినచోట, అక్షరం తప్పినచోట మీ ఇంట్లో పెద్దదాన్ని అనుకుని మన్నించండి.